సీసపు రేకు మీద విర్రియా

చలి ముదరకముందే గొర్రెల్ని కొండ దించేశాం. పచ్చిక హద్దు తగువులో మా ఆయన దేకిస్ ఆ వారమే పెద్దల ముందు సాక్ష్యం చెప్పాలి. పొద్దున్నే రొట్టె నములుతూ, "రేపు నేను నోరు విప్పితే అవతలోడు ఊరొదిలి పారిపోవాల్సిందే" అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆయనకి మాట పడిపోయింది.

మూడో రోజుకి నీళ్లు కూడా మింగలేకపోయాడు. అత్త నన్ను పెరట్లోకి లాగింది.

"ఎవరో వీడి పేరు సీసం మీద గీకి శవం చేతిలో పెట్టారే. మొన్న ఏట్లో పడి చచ్చిన చాకలిపిల్ల లేదూ? దాని గోతిలోనే ఉంటుంది. పో."

"చెరిపేస్తే చాలా అత్తా?"

"చచ్చినవాళ్లు చేతికొచ్చిన పేరు ఊరికే వదలరు. ఇంకోటి ఇవ్వాలి." నా మొహం చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నమే. అయినా కొండంతా పొగమంచు. తడిమట్టి వాసన... దాని అడుగున ఇంకేదో తియ్యటి వాసన. చేతుల్తోనే గోతిని తవ్వి, శవం మీద కప్పిన మూతపెంకు ఎత్తాను. పిల్ల అరచేతిలో మడతపెట్టిన రేకు. మా రాతలో లాగే కుడి నుంచి ఎడమకి గీకిన మా ఆయన పేరు. మా నాన్న పెంకుల బట్టీలో అక్షరాలు గీకడం నేర్చినదాన్ని. మేకుతో అరగదీసి చెరిపేశాను.

మరి ఎవరి పేరు? పగవాడిది రాయబోయాను. వాడికీ అయిదుగురు పిల్లలు. చెయ్యి రాలేదు.

నా పేరే గీకాను. విర్రియా. రేకుని మళ్లీ పిల్ల అరచేతిలో పెట్టి, పెంకు మూసి మట్టి కప్పాను.

ఇంటికొచ్చేసరికి ఆయన లేచి కూర్చున్నాడు. "అంబలి పెట్టవే, చచ్చే ఆకలిగా ఉంది" అన్నాడు. గోడకి ఆనుకుని ఏడ్చాను. నాకింక చావే అనుకున్నాను. నాకేమీ కాలేదు.

తెల్లారి మా నాన్న ఆయాసపడుతూ వచ్చాడు. "పెద్దదానికి మాట పడిపోయిందమ్మా..."

అప్పుడు తట్టింది. మాలో ఆడపిల్లకి ఇంటిపేరే పేరు. మా నాన్నకి ముగ్గురు కూతుళ్లం. ముగ్గురం విర్రియాలమే.

పరుగెత్తాను. 'చిన్నది' అని ఒక్క మాట చేరిస్తే చాలు... నన్నే తీసుకుంటుంది. తవ్వాను. గోళ్లు లేచిపోయాయి. పెంకు ఎత్తాను.

రేకు లేదు.

పిల్ల పిడికిలి బిగించి ఉంది. ఒక్కో వేలూ విప్పాను. ఖాళీ.

"నేనమ్మా... చిన్నదాన్ని. అక్కల్ని వదిలెయ్. నన్ను తీసుకో తల్లీ..." చెవిలో బతిమాలాను.

ఆమె దవడ మీది మట్టి జారింది. మూసిన పెదవుల వెనక... మెల్లగా... సీసం నములుతున్న చప్పుడు.