ఎంపిక కిటికీ

ముసలాయన నోరు తెరిచి "నమస్కారమండీ" అన్నాడు. ఇందుమతి ఆయన వెనక్కి తొంగి చూసింది, అక్కడ కుర్రాడెవరైనా నిలబడ్డాడేమోనని. ఎవరూ లేరు. మీసాలు కూడా సరిగ్గా రాని వయసు గొంతు ఒకటి డెబ్బై దాటిన అప్పలస్వామి నోట్లోంచి వచ్చింది. పక్కనే ఉన్న ఆయన కూతురు వీరవేణి తల వంచుకుని కొంగు సర్దుకుంది.

"ఇదండీ సంగతి. ఇంక ఆయన్ని మాట్లాడించకండి" అంది.

గొంతు పోయినవాళ్లకి మళ్లీ గొంతు అమర్చే ఆ కాకినాడ స్వరశాలలో అంతకుముందు దాకా ఆ ఉదయం అన్ని ఉదయాల్లాగే నడిచింది. ఇందుమతి కుర్చీలో కూర్చోగానే నిన్న సగంలో వదిలిన పని తెర మీదికి వచ్చింది. కాఫీ వచ్చింది. చెల్లెలితో మాట్లాడాలని మనసులో అనుకుంటూ ఉండగానే చెల్లెలు పలికింది. ఇవన్నీ అందిక చేసే పనులు. దాని పేరులోనే దాని పనుంది: అడిగింది అందిస్తుంది, చాలాసార్లు అడక్కముందే అందిస్తుంది. అది వచ్చి పాతికేళ్లయింది. అంతకుముందు ఫోటోకీ పాటకీ కాగితానికీ ఒక పేరూ, యంత్రంలో ఒక చోటూ ఉండేవట. జనం ఆ పేర్లు మర్చిపోయి, ఆ చోట్లు వెతుక్కోలేక, ఉన్న పని మానేసి తిట్టుకుంటూ కూర్చునేవారట. అందిక ఆ బాధ తీర్చింది. ఏం కావాలో నోటితో చెబితే చాలు, ఒక్కటంటే ఒక్కటి తెచ్చి పెడుతుంది. 'ఇదా, అదా' అని ఎదురు ప్రశ్న వేయడం మనిషికి మర్యాద కాదని దాన్ని తయారుచేసినవాళ్ల అభిప్రాయం. ఇప్పటి పిల్లలకి ఫైలు అనే మాట తెలియదు. నిజానికి పెద్దవాళ్లలో కూడా చాలామంది మర్చిపోయారు.

"మూడు వారాల కిందట, గొంతుబిళ్ల అమర్చిన ఆపరేషన్ రోజున మీరు అందికని ఏమని అడిగారో గుర్తుందాండీ?" అంది ఇందుమతి.

"నాన్న గొంతు, శుభ్రంగా ఉన్నది తీసుకురా అన్నానండి. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ అన్లేదు."

"మీ ఇంట్లో మీరు నాన్న అని ఎవర్ని పిలుస్తారు?"

యంత్రం అడగాల్సిన ప్రశ్న అది.

"ఇద్దర్నీనండి. ఈయన్నీ, మా అబ్బాయినీ."

తర్వాత మిగతాది చెప్పింది. అబ్బాయికి రెండేళ్ల కిందట జ్వరం వచ్చింది. తగ్గలేదు. పంతొమ్మిదేళ్లవాడు. ఆ చెప్పడంలో ఏడుపు లేదు, ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయినట్టు ఉన్నాయి ఆ మాటలు.

ఇందుమతికి విషయం పూర్తిగా అర్థమైంది, అర్థమయ్యాక ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. కన్న కొడుకుని 'నాన్నా' అని పిలుచుకోని తల్లి ఈ నేల మీద ఉంటుందా? 'నాన్నా లే, నాన్నా తిన్నావా, నాన్నా ఫోన్ పక్కన పెట్టు' అని ఆవిడ అన్న ప్రతిసారీ అందిక వింది. కన్న తండ్రిని ఆ పేరుతో పిలిచింది తక్కువ, ఆయన తెల్లారకముందే చేపల రేవుకు వెళ్లిపోయేవాడు. కొడుకు పోయాక ఆవిడ రోజూ వంటింట్లో 'నాన్న మాట వినిపించు' అని అడిగేది, అందిక రోజూ ఆ అబ్బాయి మాట వినిపించేది. పైగా అతను తోటి విద్యార్థుల కోసం పాఠాలు చదివి రికార్డు చేసేవాడు, ఆ గొంతు కడిగిన ముత్యంలా ఉంది. అప్పలస్వామి రేవులో వేలంపాట పాడేవాడు. ఆయన గొంతు ఎక్కడ దొరికినా దానితోపాటు కాకులూ, ఐసు పగలగొట్టే చప్పుడూ, బేరాలూ దొరుకుతాయి. శుభ్రంగా ఉన్న నాన్న గొంతు కావాలంటే అందిక లెక్క ప్రకారం జవాబు ఒక్కటే.

"పేరు పెట్టి అడిగితే సరిపోతుంది కదా" అనుకుని ఇందుమతి "అప్పలస్వామి పాత గొంతు" అని అడిగి చూసింది. అందిక వెంటనే అందించింది, మళ్లీ ఆ కుర్రాడి గొంతునే. మూడు వారాలుగా అప్పలస్వామి నోట అది వింటున్న గొంతు అదే. అప్పలస్వామి గొంతంటే ఇదేనని అది నేర్చేసుకుంది. రేవు రికార్డింగులన్నీ ఎవరో మరొకరివని పక్కన పడేసింది.

వేలిముద్రలు ఇవ్వడానికి వీరవేణి పక్క గదిలోకి వెళ్లింది. అప్పలస్వామి కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించి మాట్లాడాడు.

"రేవులో నవ్వుతున్నారండీ. వంజరం గంప ముందు నుంచుని పాట మొదలెడితే, బళ్లో కుర్రోడు ఎక్కం అప్పజెప్పినట్టుందంటన్నారు. అది పర్లేదండి, పోనీలెండి. ఇంట్లోనే కష్టంగా ఉంది. మా అమ్మాయిని పుట్టినకాణ్ణుంచీ అమ్మా అనే పిలుస్తానండి, ఇంకోలా పిలవడం నాకు చేతకాదు. ఇప్పుడలా పిలిస్తే చేతిలో గిన్నె అక్కడే పడేసి పరిగెత్తుకొస్తాదండి. వచ్చి నన్ను చూసి ఆగిపోద్ది. ఆ మొకం నేను చూళ్లేనండి. అందుకే మాట్టాడ్డం మానేశాను."

ఒక తాత బాధని అతని మనవడి గొంతులో వినడం ఇందుమతికి మొదటిసారి.

"ఈ వారంలోపు మార్చేయొచ్చండి" అంది. "గొంతుబిళ్ల చుట్టూ కండ పూర్తిగా మానేదాకానే వీలవుతుంది. తర్వాత ఏ గొంతుంటే అదే స్థిరపడిపోతుంది."

"మార్చేయండి తల్లీ."

కాసేపటికి ఆయన్ని డాక్టరు లోపలికి పిలిచారు. ఈసారి వీరవేణి ఒక్కతే మిగిలింది.

"మార్చకపోతే ఏమవుద్దండీ?" అంది, గోడ మీద గడియారం చూస్తూ.

"ఇలాగే ఉండిపోతుంది."

"ఆయనకి నొప్పేం ఉండదుగా?"

"ఉండదండి."

ఆవిడ ఏం కోరుకుంటోందో ఇందుమతికి తెలిసింది. తెలియనట్టు ఉండిపోయింది.

గొంతుబిళ్లలోకి రాసే ప్రోగ్రాం పాతకాలపు కంప్యూటర్ భాష అయిన పైథాన్‌లో ఉంది. శరీరం లోపలికి వెళ్లేదేదైనా తనంతట తాను నేర్చుకునే యంత్రం రాయకూడదని చట్టం. అందుకే ఇలాంటి ప్రోగ్రాములు ఇంకా బల్ల మీది కంప్యూటర్లో, తెర మీద ఎవరికీ అక్కర్లేని పాత కిటికీల్లో నడుస్తున్నాయి. వాటిని చదవగలిగినవాళ్లు జిల్లాలో ఏ కొద్దిమందో ఉంటారు, ఇందుమతి వాళ్లలో ఒకతె. చట్టం అంత జాగ్రత్తగా ఉంది గానీ, రాయాల్సిన గొంతుని మాత్రం ఆ ప్రోగ్రాం అందిక చేతి నుంచే తీసుకుంటోంది. వీధి తలుపుకి తాళం వేసి పెరటి తలుపు తీసి పెట్టినట్టు.

ఆమె ప్రోగ్రాంలో అందికని పిలిచే ఆ వరస కొట్టేసి, దాని స్థానంలో ఒక బటన్ పెట్టింది: 'గొంతు ఎంచుకోండి.' అది నొక్కితే, ఉన్న ఫైళ్లు చూపించి ఒకటి ఎంచుకోనిచ్చే ఎంపిక కిటికీ తెరుచుకోవాలి. దాన్ని కొత్తగా తయారుచేసే శ్రమ లేదు, పైథాన్‌తోపాటు ఎప్పటినుంచో వస్తూనే ఉంది, ఎవరూ పిలవక మూలన పడి ఉందంతే. దాన్ని తెచ్చుకోవడానికి ఒక వరస, పిలవడానికి ఒక వరస. పిలిచేటప్పుడు కిటికీ పైన ఏం రాయాలో, ఏ రకం ఫైళ్లు చూపించాలో, ఏ అరలో మొదలవ్వాలో చెప్పాలి. గొంతు ఫైళ్లు మాత్రమే చూపించమంది, లేకపోతే ఆ ఇంటి కరెంటు బిల్లులు కూడా వరసలో నిలబడతాయి. అందిక కింద, ఎవరూ చూడని చోట, ఫైళ్లు పాత పద్ధతిలోనే మనిషికో అరగా సర్ది ఉన్నాయి. నేరుగా తండ్రి అరలోనే కిటికీ తెరుచుకునేలా పెట్టొచ్చు. వీరవేణికి కష్టం ఉండదు. ఇందుమతి అలాగే రాసి, మళ్లీ కొట్టేసింది. అదీ అందిక చేసే పనే కదా అనిపించింది. కిటికీ ఇంటి అరలో మొదలయ్యేలా మార్చింది.

గొంతు కోరినవాళ్ల చేత్తోనే మార్పు జరగాలని నియమం. ఆపరేషన్ రోజు తండ్రి మత్తులో ఉంటే కోరింది కూతురు. కాబట్టి మర్నాడు మౌస్ వీరవేణి చేతికి వచ్చింది. ఆవిడ దాన్ని బల్ల మీద నుంచి ఎత్తి పట్టుకుంది. కింద పెట్టి జరపాలని ఇందుమతి చూపించింది. అప్పలస్వామి గొంతుకి తీగె తగిలించుకుని పక్కన కూర్చున్నాడు.

కిటికీ తెరుచుకుంది. రెండు అరలు. ఒకదాని మీద అప్పలస్వామి అనీ, రెండోదాని మీద వినీల్ అనీ ఉంది.

"ఇందులో ఏది కావాలో అదే అందివ్వదాండీ?" అంది వీరవేణి.

"అందివ్వదండి. మీరే నొక్కాలి."

ఆవిడ రెండోది తెరిచింది. ఫైళ్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి, సగం కిటికీ నిండి ఆగిపోయాయి. మిగతాదంతా తెల్లగా ఉంది. వీరవేణి ఆ తెలుపులో మౌస్‌ని అటూ ఇటూ తిప్పింది.

"కింద ఖాళీగా ఉందేంటండీ?"

"అంతేనండి. ఇంకేం లేవు."

"అలా ఎలాగండీ? రెండేళ్లుగా రోజూ వింటున్నాను. రోజూ కొత్తది వినిపించేది."

"ఇవేనండి. ఒకరోజు మధ్యలోంచి, ఒకరోజు చివర్నించి వినిపించి ఉంటుంది."

అందిక దగ్గర దేనికీ అంచు కనిపించదు. ఒకటి అయ్యాక ఇంకొకటి వస్తూనే ఉంటుంది. ఆ వస్తున్నదాంట్లో తన కొడుకు ఇంకా ఎంతో మిగిలి ఉన్నాడని ఆవిడ అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు వాడి గొంతంతా కలిపి సగం కిటికీ. ఆవిడ 'రద్దు' నొక్కింది. కిటికీ మాయమైంది. ప్రోగ్రాం కిక్కురుమనకుండా ఉండిపోయింది, ఎంచుకోకుండా మూసేస్తే ఏమీ చేయవద్దని ఇందుమతి ఒక వరస రాసి ఉంచింది కాబట్టి. ఆ వరస రాసినందుకు అప్పుడు సంతోషం కలగలేదు.

చివరికి అప్పలస్వామే నోరు విప్పాడు.

"ఇదే ఉంచెయ్యి అమ్మా. నాకేం ఇబ్బంది లేదు. రేవు మానేస్తాలే."

ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. వీరవేణి కళ్లు మూసుకుని వింది. ఆవిడ గబుక్కున ఒప్పేసుకుంటుందని ఇందుమతి భయపడింది, తన పని చెడుతుందని కాదు, ఆ ముసలాయన మిగతా జీవితమంతా నోరు మూసుకుని బతకాల్సి వస్తుందని.

వీరవేణి కళ్లు తెరిచింది.

"వాడు ఇలా అనడండీ" అంది ఇందుమతితో. "నాకేం ఇబ్బంది లేదని వాడి జన్మలో అన్లేదు. పప్పులో ఉప్పు తగ్గితే కంచం తోసేసేవాడు. అన్నీ కావాలి వాడికి."

అని, బటన్ తనే నొక్కింది. మొదటి అర తెరిచింది. అక్కడ ఫైళ్లు కిటికీ దాటి కిందికి పోతూనే ఉన్నాయి, ముప్పై ఏళ్ల రేవు మరి. ఒకటి ఎంచుకుని 'తెరువు' మీద వేలు నొక్కింది. నొక్కిన వేలిని కాసేపటిదాకా తీయలేదు.

తెర మీద, గొంతు ఎంతవరకు రాసుకుందో చూపే గీత నిండింది. ఇందుమతి తీగె విప్పింది.

అప్పలస్వామి దగ్గి, గొంతు సవరించుకున్నాడు. ఆ దగ్గులోనే గరుకు వినిపించింది. "అమ్మా" అన్నాడు. తర్వాత ఇంకేం అనాలో తోచక "చందువా ఉందమ్మా, పాట, పాట" అంటూ రేవు కేక వేసేసి, పెద్దగా నవ్వి, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. పక్క గదిలోని నర్సు తలుపు తీసి చూసింది.

"ఆఁ నాన్నా. వినపడింది" అంది వీరవేణి. ఆవిడా నవ్వింది. ఆయన చెప్పులు వెతుక్కుంటూ బయటికి వెళ్లాడు, దారిలో కనిపించిన ప్రతివాళ్లనీ ఏదో ఒకటి అని పలకరిస్తూ.

వీరవేణి సంచీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఇంటికెళ్లాక నాన్న మాట వినిపించమంటే అందిక ఎవరిది వినిపిస్తాదండీ?"

ఇందుమతి ఆ సంగతి ఆలోచించలేదు. మనిషి తన చేత్తో ఎంచుకున్నదాన్ని అందిక తిరుగులేని పాఠంగా తీసుకుంటుంది. నాన్న అంటే ఎవరో దానికి ఇప్పుడు స్పష్టంగా చెప్పినట్టే.

"ఆయనదేనండి" అంది. "ఇకమీద ఎప్పుడూ ఆయనదే."

"మరి వాడిది?"

"పేరుతో అడగాలండి. వినీల్ అని. అడిగితే తెస్తుంది."

వీరవేణి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నేను వాణ్ణి ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదండీ" అంది.