బ్యాగు లైనింగులో కవరు

సెలవు రోజు కదా అని కూతురింకా లేవలేదు. తల్లి అప్పటికే రెండుసార్లు తలుపు సందులోంచి తొంగి చూసి, దుప్పటి కదులుతోందని నిర్ధారించుకుని వచ్చి కుట్టుమిషను ముందు కూర్చుంది. ముప్పయ్యేళ్ల పిల్లకు ఊపిరి ఆడుతోందా లేదా అని చూడటమేమిటని ఎవరైనా నవ్వొచ్చు. ఆవిడకది పళ్లు తోముకోవడం లాంటి పని.

చిరిగిన బట్టలు బాగుచేయడం ఆవిడ వృత్తి. కూతురిదీ ఒక రకంగా అదే. ఒంట్లో కణాల లోపల డీఎన్‌ఏ రోజూ తెగుతూనే ఉంటుందట. దాన్ని అతికే ఏర్పాట్లూ ఒంట్లోనే ఉంటాయట. ఆ అతుకు సరిగా పడకపోతే క్యాన్సర్ ఎలా వస్తుందో, ఆ లోపాన్నే ఆసరా చేసుకుని క్యాన్సర్‌ను ఎలా చంపొచ్చో కూతురు ఎనిమిదేళ్లుగా ప్రయోగశాలలో పరిశోధిస్తోంది.

కూతురి బ్యాగు పట్టీ ఊడొచ్చేలా ఉంది. కుడదామని తిరగేస్తే, లోపల లైనింగు నాలుగంగుళాలు తెరుచుకుని ఉంది. ఆవిడ వేలితో అంచు తడిమింది. చిరిగితే దారాలు పీచుపీచుగా లేస్తాయి. ఇది నున్నగా ఉంది. కత్తెరతో కోసిందే. లోపల చెయ్యి పెడితే కవరు తగిలింది. అంటించింది అంటించినట్టే ఉంది. పైన ఆసుపత్రి ముద్ర, కూతురి పేరు, నెల కిందటి తేదీ.

ఆవిడ అమ్మా, అక్కా ఇద్దరూ రొమ్ము క్యాన్సర్‌తోనే పోయారు. పోయేనాటికి అక్కకి నలభై ఒకటి. కవరు పట్టుకుని కూతురి గదిలోకి పరిగెత్తింది.

"లే! లేచి కూర్చో!"

కూతురు ఉలిక్కిపడి లేచింది. "ఏమైందమ్మా? గ్యాస్ లీకవుతోందా?"

"గ్యాసైతే కిటికీ తీసేదాన్ని. ఇదేంటి?"

కవరు చూడగానే కూతురి మొహం పాలిపోయింది. "నా బ్యాగు నువ్వెందుకు ముట్టుకున్నావు?"

"ఎక్కడుంది గడ్డ? చూపించు."

"గడ్డేం లేదమ్మా!"

"మరి నెల్నుంచీ కంచంలో సగం వదిలేస్తున్నావేం? నా దగ్గరా దాపరికం?"

"నాకు జబ్బు లేదు. అమ్మమ్మకీ పెద్దమ్మకీ వచ్చింది కదా, ఆ అతుకులోపం నాకూ ఉందేమోనని రక్తం ఇచ్చాను. అంతే."

"ఇచ్చినదానివి విప్పకుండా దాచావేం? రోజూ ఎంతమందివో ఇలాంటి కాగితాలు చూస్తావుగా?"

కూతురు దుప్పటి ఒళ్లోకి లాక్కుంది. తర్వాత నెమ్మదిగా అంది. "నాన్న వైపు ఎవరికీ లేదు. నాకుంటే అది నీ నుంచే రావాలి. నాది విప్పితే నీదీ విప్పినట్టే. తుమ్మొస్తేనే వీలునామా గురించి మాట్లాడే మనిషివి, నీకెలా చెప్పను?"

తల్లి మంచం పట్టి మీద కూలబడింది. ఈ మాట ఆవిడ ఇదివరకూ వింది. అక్క ఆఖరి రోజుల్లో అన్నది. గడ్డ తగిలి ఏడాదైనా ఎందుకు దాచావని అడిగితే, "నువ్వు బెంగతో మంచం పడతావనే" అంది.

అక్క తన భయానికి జడిసే దాచింది. ఇప్పుడు కూతురూ.

"ఉంటే ఏమవుతుంది?" అని అడిగింది.

"జబ్బు వచ్చేసినట్టు కాదు. వచ్చే అవకాశం ఎక్కువని. ఏటా స్కానింగులు తీయించుకోవాలి, ముందే పట్టుకోవచ్చు. ఒకవేళ వచ్చినా, డీఎన్‌ఏని అతికే ఏర్పాట్లలో ఒకటి పోయిన క్యాన్సర్ కణం రెండోదాని మీద బతుకుతుంది. మేం పరిశోధిస్తున్న మందు ఆ రెండోదాన్ని ఆపేస్తుంది. అప్పుడది చస్తుంది."

"అందరికీ పనిచేస్తుందా?"

"లేదమ్మా." కూతురు అబద్ధం చెప్పలేదు.

"ఆ బల్ల మీది కత్తెర ఇటివ్వు."

"నాకు భయమేస్తోంది."

"నాకు మాత్రం లేదా? కాకపోతే నాకు అలవాటు. నువ్వు పుట్టినప్పటి నుంచీ ఇదే పని."

తల్లి కవరు అంచు కోసి కాగితం కూతురి చేతిలో పెట్టింది. కూతురి కళ్లు సగందాకా వెళ్లి ఆగిపోయాయి.

"ఉంది."

గోడ గడియారం కొట్టుకుంటూనే ఉంది. ఇన్నేళ్లూ తను ఊహించుకున్నట్టు నేలేమీ బద్దలవలేదు.

"అయితే రేపు నన్నూ తీసుకెళ్లు," అంది తల్లి. "ఇద్దరం కలిసే చూపించుకుందాం. పెద్దమ్మలా ఏడాది ఆగొద్దు."

కూతురు ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని భోరుమంది. ఆవిడా ఏడ్చింది. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, మిషను దగ్గరున్న బ్యాగూ, సూదీ దారమూ తెచ్చుకుని లైనింగు కుట్టడం మొదలుపెట్టింది.

"అంత దగ్గర దగ్గరగా కుట్లెందుకమ్మా?"

"ఇంకోసారి ఏమీ దాచకుండా," అంది తల్లి, పళ్లతో దారం తెంపుతూ.