కుడి కిటికీ

"ఉప్మా బాగుంది," అన్నాడు మురహరి.

హేమనళిని కళ్ళెదుట గాలిలో రెండు కిటికీలు పక్కపక్కన తెరుచుకున్నాయి. ఎడమ కిటికీలో భర్త ఇప్పుడన్న మాట. కుడి కిటికీలో, పోయినవారం ఇదే ఉప్మా తిని ఆయన అన్న మాట: "ఫర్వాలేదు." రెండింటి మధ్య తేడా పసుపుపచ్చగా వెలిగింది.

"పోయినవారం ఫర్వాలేదన్నారు. ఇవాళ ఏం మారింది?"

"ఏం మారలేదు. ఇవాళ ఆకలేస్తోంది," అన్నాడతను. "ఆ జోడుపలక తీసి పక్కన పెట్టి నువ్వూ తినరాదూ, చల్లారిపోతోంది."

ఆమె జోడుపలక కంటద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు ముద్దలు తినేసరికి ప్రాణం గిలగిల్లాడింది. భర్త ముఖం పక్కన ఖాళీ. కిటికీ బయట కనిపించే సముద్రం పక్కనా ఖాళీయే. కుడివైపు ఏదో ఉండాలి, లేదు. మళ్ళీ పెట్టుకుంది.

పాత కంప్యూటర్ల కాలంలో రాతపని చేసేవాళ్ళు ఒకే తెర మీద రెండు పత్రాలను పక్కపక్కన అమర్చుకునేవారట. ఒకదాన్ని కిందికి జరిపితే రెండోదీ దానితోపాటే జరిగేదట. పాత ఒప్పందానికీ కొత్త ఒప్పందానికీ తేడా పట్టుకోవడానికి పుట్టిన చిన్న సదుపాయం అది. ఆ తెరలు పోయాయి, ఆ బల్లలు పోయాయి, ఆ అమరిక మాత్రం వచ్చి మనుషుల కళ్ళలో కూర్చుంది. ఇప్పుడు వార్త పక్కన దాన్ని కాదనే వార్త ఉంటుంది. వైద్యుడి మాట పక్కన ఇంకో వైద్యుడి మాట ఉంటుంది. దానివల్ల మోసాలు తగ్గాయి, ఎవరూ కాదనలేరు. ఒక్క కాగితాన్ని ఒక్కటిగా చదవడం మాత్రం జనానికి చేతకాకుండా పోయింది. జలప్రమాదాల విచారణ మండలిలో పొద్దస్తమానం వాంగ్మూలాలు సరిపోల్చే హేమనళినికి మరీను.

ఆ రోజు మండలికి వచ్చిన సాక్షి పేరు నూకరత్నం. సముద్రం పైకొచ్చి భీమిలి కింది వీధుల్ని ముంచేశాక కొండ మీదికి మారిన జాలరి కుటుంబాల మనిషి. తాను చెల్లీ అని పిలుచుకునే తోటికోడలు అప్పలకొండతో కలిసి సముద్రం మీది నాచుతోటల్లో పని చేసేది. ఆడవాళ్ళను తోటలకు తీసుకెళ్ళి తీసుకొచ్చేవి స్వయంనావలు. వాటికి సరంగు ఉండడు, చుక్కానీ ఉండదు. వాటంతటవే నడుస్తాయి, పైనున్న గాజుమూతలూ వాటంతటవే మూసుకుంటాయి. తోటల నుంచి తిరిగి వస్తుండగా ఒక నావలో ఈ ఇద్దరే ఉన్నారు. ఒడ్డుకు ఒక్కతే చేరింది.

"అల పెద్దదే వొచ్చింది నళినమ్మా," అంది నూకరత్నం. చీర కొంగు చివర వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. "మా సెల్లి నీలల్లో పడిపోనాది. నాను గబుక్కున సెయ్యి పట్టుకున్నాను. ఒగ్గలేదు. లాగతన్నాను, లాగతన్నాను. ఇంతట్లోకి ఆ గాజుమూత ఉందే, అది దానికదే మూసుకుంటా వొచ్చి మా సేతుల మీద పడ్డాది. అదే ఇడదీసేసింది మమ్మల్ని."

నావ నమోదులో మూత మూసుకున్నట్టు లేదు. వేరే సాక్షి ఎవరూ లేరు. హేమనళిని కళ్ళెదుట ఎడమ కిటికీ నిండింది, కుడి కిటికీ తెల్లగా ఉండిపోయింది. ఆ తెల్లదనం చూస్తుంటే ఆమెకు కుర్చీలో నిలకడగా కూర్చోబుద్ధి కాలేదు. లేచి నీళ్ళు తాగి వచ్చింది. మళ్ళీ లేచింది.

"పూరకప్రతి తెప్పించండి," అన్నాడు పై అధికారి విశ్వపతి, గుమ్మంలోంచే. "ఒంటి కిటికీ చెల్లదు కదా."

చట్టం అదే. పక్కన రెండో మాట లేకుండా ఏ మాటా చెల్లదు. రెండో మనిషి లేనప్పుడు యంత్రమే రెండో మాట రాస్తుంది. గాలివాటం, అలల ఎత్తు, అంతకుముందు జరిగిన ప్రమాదాలన్నీ చూసి, ఇలాంటి చోట మనిషి ఎక్కువగా ఏం చేస్తాడో, ఏం చెబుతాడో అది రాస్తుంది. హేమనళినే ఆజ్ఞ ఇచ్చింది. కుడి కిటికీ నిండగానే ఆమె గుండెలోని గుబులు కాస్త తగ్గింది కూడా.

'చెయ్యి జారిపోతూ వచ్చింది. ఇక పట్టుకోలేకపోయాను. వదిలేశాను.'

సాక్షి రెండు ప్రతులూ వినాలి. తేడా వెలుగు తగ్గేదాకా మళ్ళీ మళ్ళీ వినాలి. ఎడమ చెవిలో ఎడమ కిటికీ, కుడి చెవిలో కుడి కిటికీ. వినడానికి ఇబ్బంది లేకుండా రెండూ సాక్షి గొంతుతోనే పలుకుతాయి.

నూకరత్నం ఉలిక్కిపడి చెవులకు పెట్టినవి లాగేసింది. "ఎవులమ్మా అది? నా గొంతుతో మాటాడతంది! అబద్దమాడతంది!"

"యంత్రం రాసిన ప్రతి. పోల్చుకోవడానికే," అంది హేమనళిని. ఎందరికో చెప్పిన మాటే. "మీరు చెప్పింది ఎక్కడికీ పోదు. కాస్త ఓపిగ్గా వినండి."

రెండోసారి వచ్చినప్పుడు నూకరత్నం గొడవ చెయ్యలేదు. రెండు చెవులకూ పెట్టుకుని వింది. "సెయ్యి జారిన మాట నిజమేనేమో," అంది చివరికి. "తడి సేతులు గదా." ఎడమ కిటికీలో ఒక వాక్యం మారింది. పసుపు వెలుగు ఒక చోట ఆరిపోయింది.

ఆ తరవాతిసారి ఆమె బాగా చిక్కిపోయి వచ్చింది. ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోతోందని వెంట వచ్చిన అత్తగారు చెప్పింది. చెవులకు పెట్టుకోకముందే నూకరత్నం మాట్లాడసాగింది.

"ఒగ్గేసినానమ్మా," అంది.

హేమనళిని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "ఏమన్నారు?"

"సేతికంతా నాచు జిగురు. సెల్లి నా కేసి సూత్తంది. నావల్ల కాక కళ్ళు మూసుకుని ఒగ్గేసినాను. మూతా లేదు, ఏటీ లేదు. భయమేసి ముందుగాల అలాగ సెప్పేసినాను."

హేమనళిని కుడి కిటికీని పైనుంచి కింది దాకా వెతికింది. నాచు జిగురు అందులో లేదు. చూసిన చూపు లేదు. కళ్ళు మూసుకోవడం లేదు. యంత్రం పుస్తకాల భాషలో 'వదిలేశాను' అని మాత్రమే రాసింది. దాన్ని తన యాసలోకి తెచ్చుకుని, దానికి జిగురూ చూపూ తోడుచేసి, ఒక జ్ఞాపకాన్ని కళ్ళెదుట కట్టుకున్నది నూకరత్నమే. లేక మొదటి రోజే ఆమె అబద్ధమాడిందా?

ఎడమ కిటికీ మారింది. రెండు కిటికీల మధ్యా వెలుగు పూర్తిగా ఆరిపోయింది. 'సరిపోలాయి' అని అక్షరాలు మెరిశాయి.

ఆమె నేరుగా విశ్వపతి గదికి వెళ్ళింది.

"ఆ కేసు మూయకండి సార్. ఆవిడ మొదటి రోజు చెప్పింది వేరు."

"మార్చుకుంది కదా. మనం చెప్పించామా?"

"మనమే చెప్పించాం. మళ్ళీ మళ్ళీ ఆవిడ గొంతుతోనే ఆవిడ చెవిలో చెప్పించాం."

విశ్వపతి కుర్చీలో వెనక్కి వాలాడు. చెడ్డవాడు కాడు. అలసిపోయిన మనిషి. "హేమనళినిగారూ, వెలుగు ఆరింది. ఆరిన కేసును ఏ లెక్కన తెరవమంటారు? ఒంటి కిటికీ పెట్టి తెరవమంటారా?"

ఆమె తన గదికి తిరిగొచ్చింది. కూర్చుంది, లేచింది, కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. దూరంగా నాచుతోటల నుంచి స్వయంనావలు బారుగా వస్తున్నాయి. ప్రతి నావలోనూ ఆడవాళ్ళు. ప్రతి నావ మీదా అదే గాజుమూత. మొదటి రోజు మాటే నిజమైతే, రేపు ఇంకెవరి చేతుల మీద పడుతుందో.

మారకముందున్న వాంగ్మూలాన్ని భాండారం నుంచి వెనక్కి పిలిచింది. దాన్ని ఎడమ కిటికీలో పెట్టింది. యంత్రం రాసిన ప్రతిని కుడి కిటికీలోంచి తోసేసింది. ఆ చోట ఈ రోజు నూకరత్నం చెప్పిన మాటల్ని పెట్టింది. రెండూ ఆమెవే. రెండు కిటికీలూ జంటగా కిందికి నడిచాయి. పై నుంచి కింది దాకా పసుపు వెలుగు భగ్గుమంది. 'మూయుటకు వీలులేదు' అంది యంత్రం.

విశ్వపతి వచ్చి చూశాడు. "ఇదేం అమరిక? రెండూ ఒకే మనిషివి!"

"రెండు కిటికీలు ఉండాలన్నారు, పెట్టాను. రెండోది ఇంకొకరిదే అయి ఉండాలని చట్టంలో లేదు."

"సరే, ఈ రెంటిలో ఏది నిజమంటారు?"

"నాకు తెలీదు సార్. అందుకే అడుగుతున్నాను, నావను విప్పించండి."

ఆయన ఆ పసుపు వెలుగు కేసి చూశాడు. ఆర్పడానికి వేరే దారి లేదు. సంతకం పెట్టాడు.

ఒడ్డు మీదికి లాగి పెట్టిన నావ మూతను మరునాడు మెకానిక్కులు ఊడదీశారు. హేమనళిని పక్కనే నిలబడింది. మూత అంచుకున్న రబ్బరు పట్టీని చీరి తిప్పి చూపించాడు ఒకతను. లోపల పచ్చ గాజుల ముక్కలు గుచ్చుకుని ఉన్నాయి. పచ్చ గాజులు వేసుకునేది అప్పలకొండ. మూత మూసుకున్నట్టు నావకు చెప్పవలసిన తీగ తుప్పు పట్టి తెగిపోయి ఉంది. మూత దాని పని అది చేసింది, చేసిన సంగతి మాత్రం నావకే తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే నావలన్నీ ఆగిపోయాయి. మూతలు తీయించే దాకా కదలడానికి వీల్లేదని ఆజ్ఞ వెలువడింది. మండలిలో అందరూ హేమనళినిని మెచ్చుకున్నారు. ఆమె మాత్రం నిలవలేక, అప్పటికప్పుడు కొండ మీది కాలనీకి బయల్దేరింది.

నూకరత్నం గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన తాకని కంచం. హేమనళిని ఆమె ఎదురుగా గచ్చు మీద కూర్చుని, గాజుముక్కల సంగతి, తీగ సంగతి అన్నీ వివరంగా చెప్పింది. నూకరత్నం తల ఊపుతూ వింది కానీ ముఖంలో ఏ మార్పూ లేదు.

"మీరు మొదటి రోజు చెప్పింది చదువుతాను, వినండి," అంది హేమనళిని.

కంటద్దాలు తీసి సంచిలో వేసింది. కాగితం మీద అచ్చు వేయించి తెచ్చింది. ఒక్క కాగితం. ప్రతి వాక్యం చివరా చూపు కుడివైపు పరుగెత్తింది, అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. వేలితో అక్షరాలను నొక్కిపట్టుకుంటూ చదివింది. వరుసగా అన్నీ వచ్చాయి: అల రావడం, చెయ్యి పట్టుకోవడం, లాగతన్నాను, లాగతన్నాను, మూత పడడం.

నూకరత్నం కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. కొంగుతో తుడుచుకుంది. హేమనళినికి ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది.

"పాపం ఆయమ్మ," అంది నూకరత్నం. "ఎంత గట్టిగా పట్టుకుందో. మూతొచ్చి పడినా ఒగ్గలేదు సూడు. ఆయమ్మ తప్పేటీ లేదు."

"ఆయమ్మ మీరే, నూకరత్నం!"

నూకరత్నం అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. తరవాత తలెత్తి, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మరి నానెందుకు ఒగ్గేసినానమ్మా?"