లాగౌట్ కాని లీలాకుమారి

ఏ.ఎస్. రావు నగర్ మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే, ఒక స్వీట్ షాపు పైన రక్తపరీక్షల సెంటర్ ఉంది. పేరు చెప్పను. పగలు వెళ్తే అక్కడ భయపడాల్సింది సూది ఒక్కదానికే. చీకటి పడ్డాక మాత్రం రెండో అంతస్తులో వరండా చివరి గది వైపు ఎవరూ పోరు. ఆ గదిని ఆనుకునే బాత్రూమ్ ఉంది. దానికీ పోరు. కిందికి దిగి స్వీట్ షాపు వాళ్ళని బతిమాలుకుంటారు.

ఆ గది లీలాకుమారిది. రిపోర్టుల విభాగం ఆవిడ చేతిలో ఉండేది. ఒక సాయంత్రం, పని చేస్తూ చేస్తూనే, కుర్చీలో పక్కకి ఒరిగిపోయింది. గుండె.

ఆ తర్వాత మొదలైంది.

ఎవరూ లేని గదిలో ఆవిడ కంప్యూటర్ తెర దానంతట అదే వెలిగేది. ప్రింటర్ ఒకసారి వరసగా తెల్లకాగితాలు కక్కింది. కొన్నాళ్ళకి గొణుగుడు… తలుపు అవతల ఎవరో సన్నగా, ఊపిరి తీసుకోకుండా, రాత్రంతా గొణుగుతున్నట్టు.

ఆ కంప్యూటర్ ఆపేద్దామా అంటే వీల్లేదు. పాత రిపోర్టులన్నీ అందులోనే ఉన్నాయి, కౌంటర్ వాళ్ళు కింద నుంచే వాటిని తెరుస్తారు. యజమాని నరసరాజు గారు ఆలోచించి రెండు చర్యలు తీసుకున్నారు. గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించారు. నెట్‌వర్క్ చూసుకునే మనిషిని పిలిచి, "ఆ కంప్యూటర్ జోలికి మాత్రం వెళ్ళకయ్యా" అన్నారు. అతను విధేయుడు. సెంటర్‌లోంచి ఏ సమాచారం బయటికి పోతోందో, ఏ వైరస్ లోపలికి వస్తోందో కనిపెట్టే నిఘాలోంచి ఆ ఒక్క యంత్రాన్నీ మినహాయించి, ఇంకో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు.

అతని చోటులోకి అనుపమ వచ్చింది. మా సీతాఫల్‌మండి పిల్లే. మా మేడ మీద వాటాలో ఉంటుంది. ఇదంతా ఆమె నాకు చెప్పిందే. నేను కలిపిందేమైనా ఉంటే అది కాస్త వెటకారం.

అనుపమ పని గేటు దగ్గర సంచులు తనిఖీ చేసే పని లాంటిది. తేడా ఏమిటంటే ఆ గేటు కంటికి కనపడదు. సెంటర్‌లోని కంప్యూటర్లు ఎవరితో మాట్లాడుతున్నాయి, ఎంత సరుకు బయటికి మోస్తున్నాయి అన్నది తెర మీద గీతలుగా లేస్తూ పడుతూ ఉంటుంది. అది చూస్తూ కూర్చోవాలి. ఎవరూ మెచ్చుకోని ఉద్యోగం. ఏమీ జరగకపోతే జీతం దండగ అంటారు, ఏదైనా జరిగితే నిద్రపోయావా అంటారు.

ఒకరోజు కౌంటర్ దగ్గరికి ఒకావిడ వచ్చింది. పేరు భవాని, సైనిక్‌పురిలో స్కూల్ టీచరు. గొంతు పెంచలేదు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అడిగింది.

"నా టీబీ రిపోర్టు మీరు ఎవరికన్న చూపించిన్రా?"

ముక్కూ మొహం తెలియని వాడెవడో ఫోన్ చేసి, ఆ రిపోర్టులోని అంకెలతో సహా చదివి వినిపించాడట. డబ్బు పంపకపోతే స్కూలు యాజమాన్యానికి పంపిస్తానన్నాడట. ఇంట్లో వాళ్ళకే ఆమె ఇంకా చెప్పలేదు.

నరసరాజు గారు ఆమెను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. ఆమె వెళ్ళాక కుర్చీలో వెనక్కి వాలి, పైకప్పు వైపు చూశారు.

"ఆవిడే," అన్నారు మెల్లగా.

"ఎవరు సార్?" అంది అనుపమ.

"లీలాకుమారి. ప్రాణం ఇంకా రిపోర్టుల మీదే ఉంది."

"దెయ్యం ఫోన్ చేసి పైసలు అడుగుతదా సార్?"

ఆయన కాసేపు ఆలోచించారు. దెయ్యం కాకపోతే రాములే అయ్యుండాలని తేల్చారు. రాములు రాత్రి వాచ్‌మన్, ఆ గది తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. పైగా దెయ్యం మీద కేసు పెట్టలేం, రాములు మీద పెట్టొచ్చు.

అనుపమ తన కుర్చీకి వచ్చి, పాత మనిషి పెట్టిపోయిన మినహాయింపు తీసేసింది. ఆ గది కంప్యూటర్‌ను కూడా నిఘా కిందికి తెచ్చింది. పగలంతా గీత నేల మీద పాములా పడుకుంది. సెంటర్ మూసి, అనుపమ తప్ప అందరూ వెళ్ళిపోయాక…

గీత లేచింది.

లేచి, అలాగే నిలబడింది. లీలాకుమారి పేరుతో ఎవరో లాగిన్ అయ్యారు. రిపోర్టులు కట్టలు కట్టలుగా ఊరూ పేరూ లేని చిరునామాకి వెళ్ళిపోతున్నాయి. బతికున్న ఉద్యోగి ఎవరూ ఆ సెంటర్‌లో అంత శ్రద్ధగా పని చేయగా తను చూడలేదని అనుపమ నాతో అంది.

కూర్చున్న చోటు నుంచే దాన్ని ఆపెయ్యొచ్చు. కానీ ఆ కుర్చీలో ఎవరున్నారో చూడకుండా ఆపితే, తెల్లారేసరికి తప్పు రాములు మీద పడుతుంది. ఆమె కిందికి వెళ్ళి రాములును లేపింది.

"తాత, పై గది తాళం తీయాలె. జెర నాతోని రా."

"ఇప్పుడా బిడ్డా?"

"ఇప్పుడే. లోపట ఎవరో పని చేస్తున్నరు."

ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది. రాములు మెట్ల దాకా వచ్చాడు. మొదటి అంతస్తు దాకా వచ్చాడు. రెండో అంతస్తు మొదటి మెట్టు దగ్గర తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "నేను గిక్కడనే ఉంట. ఎవరన్న కిందికి ఉరికొస్తె పట్టుకుంట," అన్నాడు. గోడ పట్టుకుని నిలబడ్డ మనిషి ఎవరిని పట్టుకుంటాడో ఆమె అడగలేదు.

వరండాలో లైటు మాడిపోయి చాలా కాలమైంది. మార్చడానికి ఎవరూ పోలేదు మరి. ఫోన్ టార్చి వేసుకుని నడిచింది.

గొణుగుడు వినిపించింది.

సన్నగా… ఒకే శ్రుతిలో… మాట మాటకీ మధ్య సందు లేకుండా. నెట్‌వర్క్ చదువులో దీని గురించి ఏమీ చెప్పలేదు. తాళం బయటే వేసి ఉంది. అంటే లోపల ఉన్నవాళ్ళు తలుపు తీసుకుని వెళ్ళలేదు.

తాళం తీసింది. ఎండిపోయిన నిమ్మకాయ ఒకటి నెత్తికి తగిలింది.

గదిలో తెర వెలుగుతోంది. కుర్చీ ఖాళీ. గొణుగుడు కంప్యూటర్ పక్కనున్న స్పీకర్లలోంచి వస్తోంది — ఏదో మంత్రం. మౌస్ బల్ల మీద కదలకుండా ఉంది. తెర మీద బాణం గుర్తు మాత్రం కదులుతోంది. ఒక ఫోల్డర్ తెరిచింది. మూసింది. ఇంకోటి తెరిచింది.

అనుపమకి అరికాళ్ళు చల్లబడ్డాయి. అయినా ముందుకి జరిగి, తెర దగ్గరగా చూద్దామని ఆ కుర్చీలోనే కూర్చుంది. తెర వెలుతురు మొహం మీద పడింది.

బాణం ఆగింది.

ఆగి… కాసేపు అలాగే ఉంది. తర్వాత ఒక ఖాళీ పేజీ తెరుచుకుంది. ఒక్కో అక్షరం పడటం మొదలైంది. ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు మాట.

"ఎవరు"

ఆమె కదల్లేదు.

"లీలాకుమారి మేడమా"

అప్పుడు అనుపమకి భయం ఒక్కసారిగా పోయి ఆ చోట కోపం వచ్చిందట. దెయ్యమైతే తన పేరు తను అడగదు కదా. వంగి, యంత్రం వెనక నెట్ తీగ పట్టుకుని పీకేసింది. బాణం చచ్చినట్టు పడి ఉంది. మంత్రం మాత్రం ఆగలేదు.

మర్నాడు సైబర్ పోలీసుల నుంచి ఒక ఆఫీసరు వచ్చారు. మొదట్లో తెర వెలగడం, కాగితాలు కక్కడం అర్ధరాత్రి వచ్చే మామూలు అప్‌డేట్లట. వాటిలో దెయ్యం లేదు, దొంగా లేడు. దొంగ తర్వాత వచ్చాడు. ఎక్కడో కూర్చుని, చనిపోయినావిడ పేరు ఎవరూ తొలగించలేదు కాబట్టి హాయిగా ఆ పేరుతోనే తిరిగాడు. ఆ గది యంత్రం మీద నిఘా లేదు కాబట్టి ఇంకా హాయిగా తిరిగాడు.

"తెర పైన ఉన్న కెమెరాలోంచి గది కూడా చూస్తుంటాడు," అన్నారాయన. "మీ స్టాఫ్ మెయిళ్ళన్నీ చదివాడు. ఆవిడ పోయిందని వాడికి తెలుసు. రాత్రి ఆ కుర్చీలో ఆడమనిషి కనపడేసరికి జడుసుకున్నాడమ్మా. ఏదీ చెరిపేసుకోకుండా పారిపోయాడు. దొరుకుతాడు."

పొద్దుటి నుంచి నిలబడే ఉన్న రాములు ఆ మాట విని కూర్చున్నాడు.

నరసరాజు గారికి మాత్రం సంతోషం కలగలేదు. అనుపమను పక్కకి పిలిచి గొంతు తగ్గించారు.

"చూడమ్మాయ్, దీన్ని దెయ్యంగానే ఉంచితే ఏం? దొంగతనం అని తెలిస్తే పేషెంట్లందరికీ చెప్పుకోవాలి. దెయ్యమైతే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు."

"భవాని మేడమ్‌కి నేను పొద్దున్నే ఫోన్ చేసి చెప్పిన సార్," అంది అనుపమ. "తప్పు మనదే అని చెప్పిన. మిగతావాళ్ళకి సుత చెప్త."

భవాని ఫోన్‌లో, రాత్రే ఇంట్లో చెప్పేశాననీ, ప్రిన్సిపాల్‌కి కూడా తనే చెప్పుకుంటాననీ, ఇక వాడి దగ్గర అమ్ముకోవడానికేం మిగలదనీ అంది. పోలీసు కేసులో తన పేరు రాసుకోమంది.

ఆఫీసరు ఇంకా ఆ కంప్యూటర్ ముందే కూర్చుని ఉన్నారు. స్పీకర్ల వైపు చూపించి అడిగారు.

"ఈ మంత్రం ఎవరు పెట్టారు?"

నరసరాజు గారు గొంతు సవరించుకున్నారు. దెయ్యాన్ని పారదోలుతుందని వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకట. ఈ కంప్యూటర్‌లోనే నొక్కితే మంత్రం దిగిందట. ఏవేవో ప్రశ్నలు అడిగిందట, అన్నిటికీ 'సరే' అన్నారట. భయపడ్డానని తెలిస్తే చులకన అవుతానని ఎవరికీ చెప్పలేదట. ఆ గొణుగుడు విని స్టాఫ్ భయపడ్డారు. స్టాఫ్ భయపడుతున్నారని ఆయన శబ్దం ఇంకాస్త పెంచారు.

"సార్," అన్నారు ఆఫీసరు, "దొంగ లోపలికి వచ్చింది దీంతోనే."

తలుపు దగ్గర నిలబడిన శేషారత్నం గారు, అంటే నరసరాజు గారి భార్య, భర్త వైపు ఒకసారి చూసి, చాలా నెమ్మదిగా ఆఫీసరు దగ్గరికి వచ్చారు.

"బాబూ… ఇంట్లో లాప్‌టాప్‌లో కూడా ఇదే పెట్టారండీ ఈయన. మా పడగ్గదిలో," అన్నారు గుసగుసగా. "తెర పైన చిన్న లైటు ఒకటి రాత్రంతా వెలుగుతూ ఉంటుంది. మంత్రం పనిచేస్తోంది కాబోసని దణ్ణం పెట్టుకుని పడుకుంటున్నాను…"