నలభై రెండు ఆశాశోషకాలు

ప్రపంచకప్ ఫైనల్. చివరి బంతి. గెలవాలంటే నాలుగు పరుగులు కావాలి. భూమికి మూడు వందల మీటర్ల కింద, బనగానపల్లె మెసాన్ వలయం అనే ప్రయోగశాల క్యాంటీన్‌లో, గోడంత తెర మీద ఆ బంతి గాల్లోకి లేచింది. పైన దేశమంతా ఊపిరి బిగబట్టింది. కింద నలభై ఒక్కమంది భౌతిక శాస్త్రవేత్తలు తలొంచుకుని ఉగ్గాని తింటున్నారు.

"ఆ బజ్జీల పళ్ళెం ఇటివ్వండి," అంది డాక్టర్ తన్మయి.

పళ్ళెం వచ్చింది. బంతి ఎక్కడ పడిందో చూసినవాడు నలభై రెండోవాడు ఇంతియాజ్ ఒక్కడే. చేతిలో సగం కొరికిన మిరపకాయ బజ్జీతో లేచి నిలబడి, "పాయె, పట్టుకునేశ్నాడు," అని కూలబడ్డాడు. అతని కళ్ళు చెమర్చాయి. బజ్జీ వల్ల కాదు.

"నీ చెవిపోగులో ఏదో వైరు ఊడిందయ్యా," అన్నాడు పక్కాయన. పదకొండేళ్ళుగా అందరూ అదే అంటున్నారు.

ఇది 2074వ సంవత్సరం. వాళ్ళు చెవిపోగు అంటున్న దాని అసలు పేరు ఆశాశోషకం, ఇంగ్లీషులో హోప్ డ్యాంపర్. తగిలించుకున్న మొదటి వారం సలుపుతుంది కాబట్టి చెవిపోటు అన్న రసికులూ ఉన్నారు. చిక్కుడు గింజంత ఉంటుంది. కుడిచెవి వెనక ఎముకకు అతికిస్తారు. 'ఇలా అయితే బాగుండు' అనే సంకేతం మెదడులో పుట్టగానే పీల్చేస్తుంది. ఆశే లేనివాడికి నిరాశ ఎక్కడిది? ఆశాభంగం లేదు కాబట్టి భంగపాటూ లేదు, పోయినవాళ్ళు ఉంటే బాగుండుననే ఏడుపూ లేదు.

దీని అవసరం ఎందుకొచ్చిందంటే, గురు మెసాన్ అనే కణం వల్ల వచ్చింది. హెవీ మెసాన్. బాటమ్ క్వార్క్ అనే బరువైన క్వార్కును కడుపులో పెట్టుకుని పుడుతుంది. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒకటిన్నర ముక్క సేపు బతుకుతుంది. ఆ కణానికి క్షణం అంటే యుగం. తర్వాత క్షయమవుతుంది. క్షయ అంటే దగ్గొచ్చేది కాదు, తను పోయి తేలిక కణాలుగా విడిపోవడం. విడిపోవడానికి దానికి వందల దారులున్నాయి. ఒక్క దారిలో మాత్రం, ఒక ఎలక్ట్రానూ, దానికన్నా బరువైన ఒక మ్యూఆనూ అయ్యే దారిలో, మనకు తెలిసిన ప్రకృతి సూత్రాలు దాన్ని పోనివ్వవు. వేల కోట్ల మెసాన్లలో నిస్సందేహంగా కొన్నయినా ఆ దారిన పోతే పాఠ్యపుస్తకాలు తిరగరాయాలి.

తిరగరాయాలన్న ఆత్రంలో అంతకు ముందు మూడు ప్రయోగశాలలు "కనబడింది" అని ప్రకటించి, మూడూ నాలిక కరుచుకున్నాయి. మోసం కాదు. కావాలనుకుంటే కనబడుతుంది, అంతే. అందుకని మొదట డేటాను దాచారు. అసలు జవాబు ఉండే భాగాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసి, లెక్కంతా పూర్తయ్యాక తెరవడం మొదలుపెట్టారు. అయినా ఆశ తాళం సందుల్లోంచి దూరింది. దాంతో డేటాతో పాటు ఆశనూ దాచాలని బనగానపల్లెలో నిర్ణయించారు. ఆ నియమావళి రాసింది తన్మయే.

ఆమె పేరులోనే తన్మయత్వం. పేరు దాటి అది బయటికి రావడం మానేసి పదకొండేళ్ళయింది.

నియమం కఠినం. పెట్టె తెరిచేదాకా చెవిపోగు తియ్యకూడదు. మధ్యలో తీస్తే ఆ మనిషి చూసిన డేటా మొత్తం చెల్లదు. మూడో ఏడు ఫిబ్రవరి పద్దెనిమిదిన ఆమె భర్త సుదక్షిణ్ బస్టాపులో కుప్పకూలి చనిపోయినప్పుడు కూడా ఆమె తియ్యలేదు. శ్మశానంలో మంట వైపు చూస్తూ, గాలి ఏ దిక్కున వీస్తోందో గమనించింది. పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడ్చినవాడు ఇంతియాజ్. మర్నాడు పొద్దున ఆమె షిఫ్టుకు వచ్చింది.

అప్పుడు కూతురు లాస్యకు పదిహేనేళ్ళు. నెల రోజులు తల్లితో మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి, "అది నువ్వు కాదమ్మా, నీ చెవి వెనక ఉన్నది. అది తీసిన రోజు ఏడుద్దువుగాని," అంది. తన్మయి "సరే" అంది. ఇల్లు ఆ ఒక్క మాట మీద ఎనిమిదేళ్ళు నిలబడింది.

మ్యాచ్ అయిన మర్నాడు పొద్దున పదకొండు గంటలకు పెట్టె తెరిచారు.

హాలులో నలభై రెండు కుర్చీలు. పెట్టె తాళం ఉండేది గుట్టు దగ్గర. గుట్టు అంటే కంప్యూటర్. ఎవరికీ ఏమీ చెప్పకపోవడమే దాని ఉద్యోగం. ఇన్నేళ్ళకు నోరు విప్పుతోందన్నా ఎవరూ కుర్చీలో ముందుకు వంగలేదు.

"తెరిచాను," అంది గుట్టు. "ఇతర కణాల వల్ల పొరపాటున రావలసిన గుర్తులు తొమ్మిది. వచ్చినవి తొమ్మిది. మెసాన్ ఆ దారిన పోవడం లేదు."

ఐదు సిగ్మాలు వస్తే ప్రకటన, రాకపోతే సిగ్గు మా అందరిదీ అని ఒకప్పుడు గోడ మీద ఎవరో రాశారు; సిగ్మా అంటే రుజువు గట్టితనానికి కొలత. ఇప్పుడు సిగ్గు కూడా రాలేదు. ఎవరో "టీ ఉందా?" అని అడిగారు.

"ఇంకో పెట్టె ఉంది," అంది గుట్టు. "మీ చెవిపోగులది. ఇరవై ఒకటి అసలువి. ఇరవై ఒకటి ఖాళీవి. పోలిక నమూనా లేకుండా పరికరం పనిచేసిందని ఎలా చెప్పగలం? ఎవరిది ఏదో ఒక్కొక్కరికే చెబుతాను. రండి."

కప్పులో చక్కెర కలపాలన్నా పోలిక నమూనా అడిగే జాతి వాళ్ళది. తమ చెవుల వెనక దానికి మాత్రం నలభై రెండు మందిలో ఒక్కరూ అడగలేదు.

ఇంతియాజ్ ముందు వెళ్ళి, చెవి రుద్దుకుంటూ బయటికి వచ్చాడు.

"నాది నిజందేనంట అక్కా," అన్నాడు. "పదకొండేండ్లు ఆడినట్టే ఆడిందంట. నాకు డోసు సాల్లేదేమో. తీసేశ్నారు కదా, ఇంగ ఇంట్లో టీవీ ముందర నన్నెవురు పట్టుకోవల్ల చెప్పు."

తన్మయి తల ఊపి లోపలికి వెళ్ళింది. చిన్న గది, ఒక కుర్చీ. యంత్రపు చెయ్యి ఒకటి ఆమె చెవి వెనక నుంచి గింజను నొప్పి లేకుండా తీసి పళ్ళెంలో పెట్టింది.

"ఖాళీది," అంది గుట్టు. "చర్మానికి వెచ్చగా తగలడానికి ఒక తీగ ఉంది. ఇంకేమీ లేదు."

"ఎప్పటి నుంచి ఖాళీ?"

"మొదటి రోజు నుంచి."

"అరవై ఆరు ఫిబ్రవరి పద్దెనిమిదిన?"

"ఆ రోజు కూడా."

ఆమె పళ్ళెంలోని గింజను చూసింది. లోపల ఎక్కడో ఏదో కదలాలని చాలాసేపు కాచుకుంది. కదల్లేదు.

"ఆ రోజు నాకు చెప్పాల్సింది."

"చెప్పకూడదు. నియమావళి నూటపన్నెండో పేజీ. మీరు రాసిందే. పరిశీలకుడికి ఏ కారణం చేతా, ఏ పరిస్థితిలోనూ అని రాశారు. 'ఏ పరిస్థితిలోనూ' కింద గీత కూడా గీశారు."

"మిగిలినవాళ్ళు?"

"అసలువి పెట్టుకున్నవాళ్ళకూ ఖాళీవి పెట్టుకున్నవాళ్ళకూ తేడా దోష పరిధి లోపలే ఉంది. అంటే లేదు. తగిలించామని చెప్పడమే సరిపోయింది. ఇంతియాజ్ గారు తనే బయట చెప్పేశారు కాబట్టి అంటున్నాను, ఆయన విషయంలో తగిలించడం కూడా సరిపోలేదు."

"పేర్లు వేస్తారా పరిశోధన పత్రంలో?"

"వెయ్యం. ఎవరిది వారికీ, నాకూ తెలుసు. నేను చెప్పను."

"మంచిది," అంది తన్మయి, లేచి.

లిఫ్టు పైకి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. గేటు బయట లాస్య కారు ఆపుకుని నిలబడి ఉంది. తెచ్చిన చేతిగుడ్డలు నాలుగు, ఉతికి మడతపెట్టినవి, ముందు సీటులో ఉన్నాయి. తల్లి జుట్టు పక్కకు తీసి చెవి వెనక చూసింది. అక్కడ పాలిపోయిన మచ్చ.

"తీసేశారు," అంది లాస్య. "ఆఫీసులో మూడు రోజులు సెలవు పెట్టానమ్మా. ఫోన్లు ఆపేస్తాను. నీ ఇష్టం వచ్చినంతసేపు. నాన్న చొక్కాలు కూడా బీరువాలోంచి తీసి ఉంచాను."

తన్మయి కూతురి ముఖం చూసింది. ఎనిమిదేళ్ళుగా ఆ పిల్ల తనను క్షమించింది దేని వల్లో ఆ ముఖంలో స్పష్టంగా ఉంది. ఎండ కూడా ఉంది. బాగా కాస్తోంది.

"ఏమనిపిస్తోంది?" అంది లాస్య.

"దాని ప్రభావం ఒక్కసారిగా పోదట."

"ఎన్నాళ్ళు పడుతుందట?"

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో తన్మయి అటూ ఇటూ ఎంత తేడా రావచ్చో చెప్పకుండా ఏ అంకే చెప్పలేదు.

"ఆర్నెల్లు," అంది.

లాస్య తల ఊపింది. "పర్లేదమ్మా. ఇన్నేళ్ళు ఆగాం." కారులో కూర్చుని ఫోన్ తీసి, మూడు రోజుల సెలవు రద్దు చేసింది. ఆరు నెలల తర్వాతి తేదీలకు మళ్ళీ అర్జీ పెట్టింది. కారణం అని ఉన్న గడిలో 'అమ్మ ఏడవాలి' అని టైపు చేస్తుంటే పక్కనుంచి తన్మయి చూసింది. సీటు బెల్టు పెట్టుకుంది.