పచ్చదీపం వెలిగే ముందుగది

ఆ సందు చివరింటి ముందుగదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు వెళ్లేవాళ్లు ఆ కిటికీ వైపు చూడరు. చూస్తే కటిక చీకట్లో, మోకాలెత్తున, ఒక పచ్చటి చుక్క వెలుగుతూ కనిపిస్తుంది... ఆ గదిలోనే, టీవీ ఎదురుగా ఉన్న పడక్కుర్చీలో, ఇంటి పెద్దాయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఈ సంగతి మా బావ చెప్పాడు. బావ ఇళ్లకి డిష్‌లు బిగిస్తాడు. గోరంత ఉంటే కొండంత చేసే మనిషే, కానీ ఇది చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. అందుకే నమ్మాను.

పెద్దాయన పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆయన భార్య, కొడుకు, కోడలు. బతికుండగా ఆయన ఒక చట్టం చేశాడు: ముందు డిష్ పెట్టె ఆపాలి, ఆ తర్వాతే టీవీ. తిరగేస్తే పెట్టె పాడైపోతుందట. ఆయనకెవరు చెప్పారో ఎవరికీ తెలీదు. ఆయన పోయినా చట్టం మాత్రం పోలేదు.

ఈమధ్య కోడలు తన జీతంతో కొత్త టీవీ కొంది. పాతది ఎవరికో ఇచ్చేశారు. ఆ రాత్రే మొదలైంది.

కొడుకు అలవాటు ప్రకారం పెట్టె ఆపాడు. దాని మీద ఎర్రదీపం వచ్చింది. గుమ్మంలోంచి టీవీ కూడా ఆపి, వెనక్కి చూడకుండా వెళ్లి పడుకున్నాడు. మంచినీళ్లకని లేచిన కోడలికి ముందుగదిలో... పెట్టె మీద పచ్చదీపం. టీవీ నల్లగా ఉంది. పెట్టె మాత్రం నడుస్తోంది.

మర్నాడు సాయంత్రం కొడుకు టీవీ పెట్టగానే ఆ పచ్చదీపం ఎర్రబడింది — అప్పటిదాకా కూర్చున్నవాళ్లెవరో మనల్ని చూసి లేచిపోయినట్టు. రోజూ అదే వరస. పైగా సౌండు పెంచబోతే చానెల్ మారిపోయేది.

"ఆయనకి నచ్చలేదమ్మా," అంది అత్త మెల్లగా. "ఆయన టీవీ ఇచ్చేశాం కదా..."

కోడలికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు, కొత్త టీవీ కిట్టక అత్తే రాత్రిళ్లు లేచి వెలిగిస్తోందని ఆమె అనుమానం. ఒక రాత్రి అందరూ పడుకున్నాక లోపలికి తొంగిచూడకుండానే ముందుగది తలుపుకి ఇవతల నించి గడియ పెట్టింది. తెల్లారి తీసి చూస్తే — పచ్చదీపం. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది... అంతలోనే వీధి తలుపు తాళంచెవి అత్త కొంగున ఉంటుందని గుర్తొచ్చింది. పెరటి దారిన చుట్టూ తిరిగి వచ్చి ఉండొచ్చు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా?

ఆ మాట ఒకరోజు మొహం మీదే అనేసింది. అత్త లోపలికి వెళ్లి బట్టలు సంచిలో సర్దుకుంది. తెల్లారితే తమ్ముడింటికి ప్రయాణం, మళ్లీ వచ్చేది లేదంది. కొడుకు అడకత్తెరలో పోకచెక్కలా నలిగి, బావకి ఫోన్ చేశాడు.

బావ వెళ్లేసరికి పొద్దు వాలింది. సంచి గుమ్మం పక్కనే ఉంది. రోజూ చేసినట్టే చెయ్యమన్నాడు బావ. కొడుకు పెట్టె ఆపాడు. ఎరుపు. టీవీ ఆపాడు...

పచ్చదీపం.

ముగ్గురూ ఒకేచోట నిలబడి ఉన్నారు. పెట్టెని ఎవరూ ముట్టుకోలేదు. బావ కొత్త టీవీ రిమోట్ చేతిలోకి తీసుకుని, టీవీ ప్లగ్గు పీకేసి, పెట్టె వైపు నొక్కాడు. ఎరుపు. మళ్లీ నొక్కాడు. పచ్చ.

సంగతి ఇంతే: కొత్త టీవీ రిమోట్ పంపే సంకేతం డిష్ పెట్టెకి కూడా అర్థమవుతోంది. ఆపి ఉన్న పెట్టె, టీవీ ఆపినప్పుడల్లా మళ్లీ లేచి కూర్చుంటోంది. పెద్దాయన చట్టం తప్పకుండా పాటించబట్టే రోజూ ఆ దీపం వెలిగింది. బావ పెట్టె సెట్టింగుల్లో రిమోట్ కోడ్ మార్చి, పెట్టె రిమోట్‌ని కూడా అదే కోడ్‌లో పెట్టాడు. ఈసారి పెట్టె ఆపి, టీవీ ఆపితే — ఎర్రదీపం ఎర్రగానే ఉంది.

కోడలు అత్త సంచి తీసుకుని లోపలికెళ్లి, చీరలు ఒక్కొక్కటే బీరువాలో పెట్టింది. పెడుతూ ఏడ్చింది. అత్త ఆమె తల నిమిరింది గానీ, చూపు మాత్రం ఆ ఎర్రదీపం మీదే ఉంది.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ బావ స్క్రూడ్రైవర్ మర్చిపోయాడు. దారిలో గుర్తొచ్చి వెనక్కి వచ్చేసరికి ఇంట్లో దీపాలార్పేశారు. కిటికీలోంచి చూస్తే... మళ్లీ పచ్చటి చుక్క.

కోడ్ సరిగ్గా పడలేదనుకుని దగ్గరికెళ్లాడు. లోపల చీకట్లో అత్త, చాప మీద. చేతిలో పెట్టె రిమోట్.

"నేనే వెలిగించాను నాయనా," అంది గుసగుసగా. "కోడలిపిల్లకి చెప్పకు. తెలిస్తే ఈసారి అదే వెళ్లిపోతుంది."

చెప్పనన్నాడు బావ. కింద చలిగా ఉంటుంది, కుర్చీలో కూర్చోమ్మా అన్నాడు.

ఆవిడ పక్కనున్న పడక్కుర్చీ వైపు ఒకసారి చూసింది.

"ఖాళీ ఏదీ నాయనా?"