‘నీ చిత్తం’ అనని కోడలు

తెల్లవారేసరికి కుట్టుమిషను మీద చొక్కా కాలర్ల కట్ట అలాగే ఉంది. కోడలు దాన్ని పక్కకు నెట్టి, ఆస్పత్రి సంచిలో కూతురి గౌను, దుప్పటి, నీళ్లసీసా సర్దింది. ఆరేళ్ల ఆ పిల్లను ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పుట్టుకతోనే దాని గుండెలో చిన్న రంధ్రం. ఇవాళ ఆపరేషను.

బయలుదేరే ముందు నలుగురూ చాప మీద మోకరించారు. ఆ ఇంట్లో ప్రార్థన ఎవరు చేసినా, చివర ఒక్కొక్కరుగా “నీ చిత్తం” అనాలి, అంటే దేవుడి ఇష్టమే జరగనీ అని. అది అత్తగారు పెట్టిన పద్ధతి. ఆమె అంది. వ్యాను నడిపే ఆమె కొడుకు అన్నాడు. పిచ్చుక ఆవలిస్తూనే అంది. కోడలు అనలేదు.

“ఏమ్మా, నోరు పెగలట్లేదా?” అంది అత్తగారు.

“పెగలట్లేదు అత్తయ్యా.”

“వారం నుంచీ చూస్తున్నా. ఏదో గొణిగి తప్పించుకుంటున్నావు. దేవుడికి చెవుడనుకున్నావా?”

“ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ,” అన్నాడు కొడుకు, తాళంచెవులు చేతిలో తిప్పుతూ.

“నువ్వుండరా. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడంటుంది?”

కోడలు చాప అంచులో పుల్ల ఒకటి పీకుతూ అంది: “అంటే ఒప్పుకున్నట్టేగా. పిల్లని తీసుకోవడమే ఆయన చిత్తమైతే? నేనే సరేనన్నదాన్నవుతాను. నమ్మకం లేనిదాన్ననుకున్నా సరే, నేననలేను.”

“అనుకోవడమేంటి, లేనిదానివే.” అత్తగారు పిచ్చుకని దగ్గరికి లాక్కుని తల మీద చేయి వేసింది. “ఎలా అనాలో చూడు. ప్రభువా, ఈ పిల్ల విషయంలో నీ...”

అక్కడ ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది.

“మర్చిపోయావా నానమ్మా? నీ చిత్తం,” అని పిచ్చుక అందించింది.

ఆమె కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఇందాక అలవాటుగా అనేశానమ్మా. పిల్ల తల మీద చెయ్యేస్తే రావట్లేదు. మీ మామయ్యప్పుడు కూడా ఆయన పోయాకే అన్నాను. ముందే అనాల్సి రావడం ఇదే మొదలు.”

కోడలు ఆమెను లేవదీసింది. నలుగురూ వ్యానెక్కి ఆస్పత్రికి బయలుదేరారు.

ఆపరేషను గది తలుపు దగ్గర నర్సు ఆగి, “ఇక్కడిదాకేనమ్మా,” అంది. కోడలి చేయి స్ట్రెచర్ కమ్మీని వదల్లేదు. భర్త ఆమె వేళ్లు విడదీయబోయి, చేతకాక ఊరుకున్నాడు.

“నువ్వు రావా అమ్మా?” అంది పిచ్చుక.

“నన్ను రానివ్వరు తల్లీ.”

“మరి లోపల నాకెవరుంటారు?”

“దేవుడుంటాడు.”

“నిజంగా?”

“నిజంగా.”

పిచ్చుక తల ఊపింది. “అయితే నువ్వెళ్లి టిఫిను తిను. నాన్నకీ పెట్టు.”

కమ్మీ మీంచి చేయి ఎప్పుడు జారిందో ఆమెకి తెలియలేదు. తలుపు మూసుకుంది.

బయట బల్ల మీద కూర్చున్నాక ఆమెకి తట్టింది. ఆ పిల్లకి తనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. సూది నొప్పి పెడుతుందా అంటే పెడుతుందనే చెప్పింది. బతుకుతానా అని అడిగి ఉంటే ఏం చెప్పేదో తెలియదు. కానీ దేవుడుంటాడని చెప్పడానికి తడుముకోలేదు. అప్పుడు వచ్చింది ఏడుపు.

“ప్రార్థన చేద్దామా అమ్మా?” అత్తగారు మెల్లగా అడిగింది. ఎప్పుడూ చేయమని చెప్పడమే గానీ, ఆమె అడిగి ఎరుగదు.

“మాటలు రావట్లేదు అత్తయ్యా.”

“నాకూ రావట్లేదు. ఊరికే కూర్చుందాం. ఆయనకి తెలుసులే.”

కోడలు ఆమె భుజానికి తల ఆనించింది. తలుపు పైన ఎర్రదీపం వెలిగింది. ముగ్గురూ దానికేసి చూస్తూ కూర్చున్నారు.